జరం ఎవరు చూడాలె

నా చిన్నప్పుడు సిరిసిల్లలో మా నేతవాళ్ల వాడ పొద్దు పొడవకముందే లేచేది. పడుగుకు, అంటే మగ్గానికి ఎక్కించే నిలువు నూలుకు, గంజి పెట్టడం ఇంట్లో కుదిరే పని కాదు. వీధి ఈ కొస నుంచి ఆ కొసదాకా నూలు సాగదీసి, గంజి పట్టించి, అటు కొందరు ఇటు కొందరు నిలబడి కుంచెతో దువ్వుతూ పోవాలి. ఆరేలోగా పోగుకు పోగు విడిపోవాలి. మధ్యలో చేయి ఆగిందా, నూలంతా అట్టకట్టి పొయ్యిలోకి తప్ప పనికిరాదు. అందుకే ఒక ఇంటి పడుగుకు వాడంతా వచ్చేది. ఎవరినీ పిలవనక్కర్లేదు.

అప్పట్లోనే అటు జగిత్యాలను, ఇటు మా సిరిసిల్లను సర్కారు కల్లోలిత ప్రాంతాలంది. ఊళ్లలో కూలీలు దొరల మీద తిరగబడుతున్న రోజులు. అన్నలు, అంటే నక్సలైట్లు, ఎవరో పోలీసులకు తెలియదు గనుక వాళ్ల కంటికి అందరూ అన్నలే. అయిదుగురు ఒకచోట కనిపించకూడదని హుకుం. మా పని పదిమంది లేనిదే సాగదని ఆ హుకుం రాసినవాడికి తెలియదు. తెలుసుకోవాలన్న సోయీ లేదు.

మా పడుగు వీధిలో తడిగా ఉన్నప్పుడే జీపు వచ్చింది. కుంచెలు కింద పెట్టమన్నారు. నూలు ఖరాబవుతుందనీ, కొంచెం సేపు ఆగమనీ మా బాపు బతిమాలాడు. ఎదురు మాట్లాడాడని జీపెక్కించారు. జనం ఇళ్లలోకి పోయారు. ఎండ ఎక్కింది. మా కళ్లముందే నూలు కట్టెలా బిగుసుకుంది. ఆ ఎస్సై మాత్రం ఎంత మర్యాదగా మాట్లాడాడో! ఇదంతా కొన్నాళ్లేననీ, పరిస్థితి చక్కబడగానే ఆ హుకుం తీసేస్తారనీ మా బాపమ్మకు, అంటే బాపు తల్లికి, నచ్చజెప్పి మరీ పోయాడు.

నేను నమ్మాను. పిల్లలు మర్యాదను నమ్ముతారు. కొన్నాళ్లేనట గదా అని నేనే బాపమ్మను ఊరడించబోయాను. ఆమె నన్ను దగ్గరికి పిలిచి నుదుటి మీద చేయి పెట్టింది. జ్వరమొచ్చింది, లోపల పండుకోమంది. నాకు ఏ జ్వరమూ లేదు. అయినా అర్రలోకి తోసి బయట గొళ్లెం పెట్టింది.

కాసేపటికి తలుపు తట్టాను. తీసి, నుదురు తాకి, ఇంకా ఉందని మళ్లీ గొళ్లెం పెట్టింది. ఏడిస్తే, జ్వరం ఎక్కువైందంది. ఏడవకుండా కూర్చుంటే, లోపల ఉండబట్టే తగ్గుముఖం పట్టింది, ఇంకొంచెం ఉండాలంది. నాకు ఒళ్లు మండిపోయింది.

"నాకు జరం లేదే ముసలీ! తలుపు ఎప్పుడు తీస్తవ్?"

"తగ్గినంక."

"తగ్గిందని ఎవరు చెప్పాలె?"

బాపమ్మ గొళ్లెం తీసింది. గడప మీద కూలబడింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"గిదే అడగాలె బిడ్డా. గొళ్లెం పెట్టినోడే జరం చూస్తే, గది ఎన్నటికీ తగ్గది."

బాపు తిరిగొచ్చాడు. కుడి భుజం మాత్రం మళ్లీ పైకి లేవలేదు. మగ్గం మీద కూర్చోలేకపోయాడు. ఎస్సై చెప్పిన కొన్నాళ్లు ఏళ్లకేళ్లు సాగాయి. నేను డిగ్రీలో చేరేనాటికీ మా వీధుల్లో జీపులు తిరుగుతూనే ఉన్నాయి.

కాలేజీలో రాజనీతి చెప్పే సార్, అసాధారణ పరిస్థితికి అసాధారణ అధికారాలు తప్పవన్నాడు. పరిస్థితి మామూలైందని ఎవరు చెప్పాలి సార్ అని లేచి అడిగాను. ప్రభుత్వమే అన్నాడు. మరి ఆ అధికారాలు ఎవరి చేతిలో ఉన్నాయని అడిగితే కూర్చోమన్నాడు. కూర్చోలేదు. ఇప్పటికీ ఇదే మాట మీద చాలామందితో గొడవపడుతుంటాను. దేశానికి ఆపద రాదని నేననను. పిల్లకు నిజంగా జ్వరమొస్తే తలుపు వేయాల్సిందే. నుదురు తాకి చూసే చేయి మాత్రం వేరే వాళ్లది కావాలంటాను. ఇంత చిన్న మాట అంత పెద్ద పెద్ద చదువులవాళ్లకు ఎందుకు ఎక్కదో!

నా కూతురికి ఒళ్లు వెచ్చబడితే బయటికి పోవద్దని నేనే అంటాను. తగ్గిందా లేదా చూడటానికి మాత్రం పక్కింటి అక్కను పిలుస్తాను. నీ చేతులకేమైందే అని ఆమె నవ్వుతుంది. నా చేతులకేమీ కాలేదు. గొళ్లెం పెట్టినవి అవే.