ఏ బల్లిని తెచ్చుకోవాలి

ఈ పరాయి దేశంలో ఆఫీసు నుంచి వచ్చి, మా ఇల్లున్న పాసిర్ రిస్‌లో రైలు దిగేసరికి నాకు మాట్లాడే ఓపిక ఉండదు. ఆ రోజుల్లో మాత్రం ఇంట్లో బల్లుల పంచాయతీ నాకోసం కాచుకుని ఉండేది. పన్నెండేళ్ల మా అమ్మాయికి పెంచుకోవడానికి బల్లి కావాలి. కుక్కపిల్ల కాదు, కుందేలు కాదు, బల్లే.

"మీద పడితే తలస్నానం చేసి దీపం పెట్టుకుంటామే! దాన్ని కొనుక్కొచ్చుకుంటారా ఎవరైనా?" అంది అప్పట్లో మా దగ్గరే ఉన్న మా అమ్మ.

ఆ పూటకి గొడవ వదిలితే చాలనుకుని, "ఏదో ఒకటి తేల్చుకోవే, కొంటాను" అన్నాను. సరిగ్గా అప్పుడే గోడమీద బల్లి పలికింది. అలవాటు ఎక్కడికి పోతుంది, మా అమ్మ బల్లమీద వేలితో కొట్టి "సత్యం, సత్యం" అనేసి నాలిక్కరుచుకుంది.

"అమ్మమ్మ సత్యం అనేసింది! కన్ఫర్మ్ లా!" అని ఇక్కడి పిల్లల యాసలో అరుస్తూ గెంతింది పిల్ల.

ఇక రోజూ అన్నాలయ్యాక సోఫాలో ఇద్దరం వీడియోలు చూడటమే పని. ఒక బల్లికి మచ్చలు, కంటికి రెప్పలు కూడా ఉంటాయి, గోడలెక్కదు. ఇంకొకటి గడ్డం ఉబ్బించి చెయ్యి ఊపుతుంది, కానీ దానికి రోజంతా వేడినిచ్చే లైటు పెట్టాలి. మరొకదానికి తోక ఊడితే మళ్ళీ రాదు. నీలం నాలుకది బాగానే ఉంది కానీ మరీ బారెడు. వీటి మేతకి తెచ్చే పురుగుల డబ్బా నా ఫ్రిజ్‌లో పెరుగు పక్కన పెట్టనని నేను ముందే చెప్పేశాను. ఇవాళ ఒకటి ఖాయం చేసిన పిల్ల, రేపటికి దానికే ఏదో వంక పెట్టేది. ఈ తేలనితనం ఎవరి పోలికో అని విసుక్కునేదాన్ని.

ఒకరోజు భోజనాల దగ్గర ఆఫీసులో ఎవరో అన్నారు, ఈ దేశంలో బల్లుల్ని పెంచుకోకూడదట. వెతికి చూస్తే నిజమే. స్కూలు సంగతులడిగితే "ఓకే లా" అని ఊరుకునే పిల్ల, బల్లుల గురించైతే గుక్క తిప్పుకోకుండా చెబుతోంది. నిజం చెబితే ఆ మాటలు కూడా ఆగిపోతాయని భయమేసింది. కొన్నాళ్లు నానబెట్టి, ఇక మోయలేక ఒక సాయంత్రం చెప్పేశాను.

అది ఫోన్లోంచి తలెత్తలేదు. "తెలుసమ్మా. ఫస్ట్ డేనే చెక్ చేశా."

"మరి ఇన్నాళ్లూ నా ప్రాణం ఎందుకు తీశావే?"

"సెలెక్ట్ చేసేస్తే ఫినిష్ కదా. నువ్వు లేచి వెళ్లిపోయి మళ్ళీ ఆఫీసు లాప్‌టాప్ తీస్తావ్."

కోపం రావాల్సింది. ఏడుపొచ్చింది.