ఇందిర ఆంటీ బయట కూర్చున్న మీటింగ్

మెల్‌బోర్న్ శివార్లలో మేముండే టార్నీట్‌లో, మా వీధి మొత్తానికి అన్నిటికంటే పాతది మా కారు. ఇళ్ళన్నీ దాని తర్వాత లేచినవే. పక్క వీధికి వెళ్ళినా అదే ఇటుక గోడ, అదే బూడిదరంగు కప్పు, ముందు అదే జానెడు గడ్డి. సుఖంగానే ఉన్నాం, ఫిర్యాదేమీ లేదు. కానీ ఆస్ట్రేలియా అంటే నా కళ్ళముందుకు వచ్చేది ఈ వీధి కాదు. క్వీన్స్‌లాండ్‌లో టూవూంబాకి దక్షిణంగా, కారులో గంట దూరంలో ఉన్న ఒక చిన్న ఊరు. నేలకి ఎత్తుగా గుంజల మీద నిలబెట్టిన చెక్క ఇళ్ళు, రేకుల మీద వాన చప్పుడు, సందుల చివర జొన్న చేలు. చిన్న ఊళ్ళలో పనిచెయ్యాలన్న షరతుతో ఇచ్చే రీజినల్ వీసా మీద వచ్చిన కొత్తలో రెండేళ్ళు అక్కడ ధాన్యం కొని అమ్మే ఒక కంపెనీలో అకౌంటెంటుగా పనిచేశాను. వెళ్ళి చూడాలని ఏటా అనుకోవడం, ఏటా పిల్లల సెలవులు ఇంకెక్కడికో తీసుకుపోవడం. చివరికి నన్ను అక్కడికి రప్పించింది ఇందిర ఆంటీ ఫోన్.

ఆంటీ ఆ ఊరి ఆసుపత్రిలో పిల్లల డాక్టరుగా చేసి రిటైరయ్యారు. వాళ్ళది కాకినాడ, మాది కరీంనగర్. అప్పట్లో ఊళ్ళో ఉన్న అయిదారు తెలుగు కుటుంబాలకి శనివారం సాయంత్రం అంటే ఆంటీ వాళ్ళిల్లే. ఆసుపత్రివాళ్ళు డాక్టర్లకిచ్చే పాత చెక్క ఇల్లది, మూడు వైపులా వరండా. ఆంటీ, అంకుల్ సొంత ఇల్లు కొనుక్కుని మారాక ఆసుపత్రి దాన్ని అమ్మేసింది. చేతులు మారి మారి, నిరుడు దాన్ని కొన్నది ఎవరో కాదు, ఆంటీ కూతురు స్వాతే. ఫిజియోథెరపీ క్లినిక్ పెట్టడానికి. పడమటి వరండా తీసేసి, అక్కడ కార్లు నిలపడానికి చోటు, వీల్‌చెయిర్ల కోసం ర్యాంపు కట్టుకుంటానని కౌన్సిల్‌కి దరఖాస్తు పెట్టింది. ఇల్లు ఊళ్ళో కాపాడాల్సిన పాత కట్టడాల హెరిటేజ్ జాబితాలో ఉంది కాబట్టి ఆ దరఖాస్తు ముందుగా హెరిటేజ్ కమిటీకి వెళ్ళాలి. ఆ కమిటీలో ఆంటీ చాలా ఏళ్ళుగా సభ్యురాలు.

"కన్నకూతురి దరఖాస్తు పద్మా. నాకు సంబంధం ఉందని డిక్లేర్ చేసి బయటికి పోవాలి. పబ్లిక్ కూర్చోవచ్చు కాబట్టి నువ్వొచ్చి కూర్చో. నా తరఫున ఏమీ మాట్లాడకు. ఊరికే విను" అన్నారు.

"వరండా ఉండాలని మీకు లేదా ఆంటీ?" అని అడిగాను.

"అది నేను చెప్పకూడదమ్మా" అన్నారు.

ఆ రాత్రే టికెట్ తీసుకున్నాను. మెల్‌బోర్న్ నుంచి బ్రిస్బేన్‌కి ఒకవైపు నూట తొంభై డాలర్లు పడింది. ముందే తీసుకుంటే ఇంకా తక్కువకి దొరుకుతుంది. నవంబర్‌లో క్వీన్స్‌లాండ్ గడియారం మెల్‌బోర్న్ కంటే గంట వెనక ఉంటుంది, వాళ్ళు వేసవికి సమయం మార్చుకోరు. అందుకని పొద్దున్నే బయల్దేరితే ఆ గంట మనకి లాభం. ఎయిర్‌పోర్టులోనే రోజుకి ఎనభై డాలర్ల లెక్కన కారు అద్దెకి తీసుకున్నాను. అటువైపు బస్సులు ఉన్నా లేనట్టే, కారు లేకుండా వెళ్ళకండి. టూవూంబా కొండమీదికి ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు లారీల వెనక నెమ్మదిగా వెళ్ళాలి. ఆ నెమ్మది నాకు బాగానే అనిపించింది. పైకి చేరగానే గాలి చల్లబడింది, కాలిబాటల మీద జకరండా పూలు ఊదారంగు చాప పరిచినట్టు పడి ఉన్నాయి. అక్కడినుంచి దారి పొడుగునా నల్లమట్టి పొలాలు. పదకొండు దాటాక ఊళ్ళోకి దిగాను.

మెయిన్ స్ట్రీట్ మీద నాకు తెలిసిన బేకరీ ఇంకా ఉంది. యజమాని మాత్రం కొత్తాయన, లావుపాటి మీసాలు. లోపల మాంసం కూర పెట్టి కాల్చే ‘పై’ ఒకటి, కాఫీ కలిపి పద్నాలుగు డాలర్లు. ఏం పని మీద వచ్చావని అడిగాడు. హెరిటేజ్ కమిటీ మీటింగ్ వినడానికి అంటే నవ్వి, "నా షాపు ముందరి రేకు పందిరికి రంగు మార్చనివ్వడానికి వాళ్ళకి రెండు మీటింగులు పట్టింది. నాకు ఎరుపు కావాలి, వాళ్ళకి క్రీమ్ కావాలి" అన్నాడు. చివరికి ఏ రంగు వేశారని అడిగితే బయటికి చెయ్యి చూపించాడు. క్రీమ్. "అప్పుడు తిట్టుకున్నాను. ఇప్పుడు ఫోటోలు తీసుకునేవాళ్ళు ఆగి, లోపలికొచ్చి ‘పై’లు కొంటున్నారు" అన్నాడు.

అంకుల్ పోయాక ఆంటీ ఒక్కరే ఉంటున్న ఇంట్లో, భోజనానికి గోంగూర పప్పు చేశారు. ఇక్కడ జామ్ కోసం పెంచే రోసెల్లా మొక్క ఆకే మన ఎర్ర గోంగూర. ఒకప్పుడు ఆసుపత్రి ఇంటి పక్కావిడ కాయలు తను ఉంచుకుని, ఆకులు మాకు కంచె మీదుగా అందించేది. ఆకులతో ఏం చేస్తారో ఆవిడకి అర్థం అయ్యేది కాదు. ఒక రోజు ఆంటీ పచ్చడి రుచి చూపిస్తే ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కారానికి. అది గుర్తు చేసుకుని ఇద్దరం నవ్వుకున్నాం.

తింటూ కమిటీ సంగతి అడిగాను. ఇద్దరు కౌన్సిలర్లు, వాళ్ళలో ఒకరు చైర్. ఊరి చరిత్ర సంఘం నుంచి ఒకరు, కట్టడాల పని తెలిసినవాళ్ళు ఒకరు. మిగతా వాళ్ళు ప్రకటన చూసి అప్లై చేసుకున్న మామూలు జనం. జీతం లేదు, టీ, స్కోన్లనే తియ్యటి చిన్న రొట్టెలు ఉంటాయి. రెండు నెలలకొకసారి కూర్చుంటారు. కౌన్సిల్ జీతమిచ్చే హెరిటేజ్ సలహాదారు ఒకాయన నెలకొకసారి బ్రిస్బేన్ నుంచి వచ్చి, పాత ఇళ్ళవాళ్ళకి ఉచితంగా సలహా చెప్పి వెళ్తాడు. దరఖాస్తు వస్తే అందరూ వెళ్ళి ఇల్లు చూసొస్తారు, ఆ తర్వాత మీటింగులో చర్చిస్తారు.

"నిర్ణయం మాది కాదే. మేం సిఫార్సు చేస్తాం, ఖాయం చేసేది కౌన్సిల్. కానీ మా మాట తీసెయ్యాలంటే వాళ్ళు కారణం రాయాలి" అన్నారు ఆంటీ.

"ఇంట్లోనన్నా చెప్పలేదా స్వాతికి?"

"ఏమని చెప్పను? పది మంది పేషెంట్లలో ఆరుగురు కర్రలు పట్టుకుని వచ్చేవాళ్ళే. ర్యాంపు కావాలి దానికి. తప్పేం అడిగింది?" అని మజ్జిగ గ్లాసు నా వైపు జరిపారు. ఆ మాట అక్కడితో ఆగిపోయింది.

మీటింగ్ నాలుగింటికి, రాతితో కట్టిన పాత టౌన్‌హాల్ మేడ మీద. గోడ వెంబడి జనం కోసం వేసిన కుర్చీల్లో నేనూ, కుక్కగొలుసు చేతిలో పట్టుకున్న ఒక పెద్దాయనా, ఇద్దరమే. స్వాతి తన ఆర్కిటెక్టుతో ముందు వరసలో ఉంది. నన్ను చూసి చెయ్యి ఊపింది, ఎందుకొచ్చానో అడగలేదు. చైర్ పేరు మార్గరెట్, తెల్లజుట్టు, మెడలో తాడుకి కళ్ళద్దాలు. ఈ నేల అసలు వారసులైన ఆదివాసులకి నమస్కారం చెప్పి మొదలుపెట్టింది. కోరం ఉందని లెక్క చూసుకున్నారు. ఎవరికైనా ఏ అంశంలోనైనా సొంత సంబంధం ఉందా అని అడిగింది. ఇందిర ఆంటీ లేచి, మూడో అంశం తన కూతురిదని ఒకే వాక్యం చెప్పారు. ఆ అంశం పిలవగానే హ్యాండ్‌బ్యాగ్ తీసుకుని, కుర్చీ లోపలికి జరిపి, వెళ్ళిపోయారు. బల్ల మీద ఆవిడ పేరున్న అట్టముక్క, సగం తాగిన టీ ఉండిపోయాయి.

స్వాతి బాగా మాట్లాడింది. పడమటి వరండా చెక్కలు చివికిపోయాయని, ముందరి వరండాని ముట్టుకోనని, నడవలేని మనుషులు మెట్లెక్కాల్సి రావడం హెరిటేజ్ అనిపించుకోదని చెప్పింది. రెండో కౌన్సిలర్ తల ఊపాడు. ఆ వీధిలో కార్ల ఇబ్బంది ఉందని, తన మద్దతు ఆమెకేనని అన్నాడు. నాకూ ఆమె చెప్పింది న్యాయంగానే అనిపించింది.

అప్పుడు కమిటీలో ఉన్న రిటైరైన వడ్రంగి, కెన్ అనే ఆయన, ఇల్లు చూసినప్పుడు తీసిన ఫోటో ఒకటి తెర మీద పెట్టించాడు. పడమటి వరండా దూలాలకి నాలుగు ఇనప కొక్కేలు. "ఇవి పాత ప్లానులో లేవు. చాలా బరువు మోయడానికి కొట్టినట్టున్నాయి. ఎందుకో ఎవరికైనా తెలుసా?" అని అడిగాడు.

నాకు తెలుసు. ఉయ్యాల బల్ల వేలాడదియ్యడానికి అంకుల్ నిచ్చెనెక్కి కొట్టిన కొక్కేలవి. మా బాబుకి మూడో నెలలో, ఆంటీకి డ్యూటీ లేని రోజుల్లో, ఆ ఉయ్యాల బల్ల మీదే ఆంటీ ఒళ్ళో పడుకోబెట్టి నేను ఆఫీసుకి వెళ్ళేదాన్ని. కానీ మాట్లాడదలచినవాళ్ళు ముందే పేరివ్వాలి, పైగా ఆంటీకి ఇచ్చిన మాట. నోరు మూసుకుని కూర్చున్నాను.

స్వాతి ఫోటో వైపు చూస్తూ ఉండిపోయింది. ఆర్కిటెక్టు ఏదో చెప్పబోతే చెయ్యి అడ్డుపెట్టింది. "అది మా అమ్మ ఉయ్యాల" అంది ఇంగ్లీషులో, ఉయ్యాల అన్న మాట మాత్రం తెలుగులోనే. చెక్క బల్ల, గొలుసులు అని వివరించింది. శనివారాలు ఊళ్ళో తెలుగు పిల్లలందరం దాని కింద వరసగా చాపల మీద పడుకునేవాళ్ళమని, జ్వరం వచ్చిన పిల్లల్ని ఏ దేశంవాళ్ళయినా రాత్రిళ్ళు అక్కడికే ఎత్తుకొచ్చేవారని, అమ్మ అక్కడే కూర్చుని చూసేదని చెప్పింది. "ఇది దరఖాస్తులో రాయాలని నాకు తోచలేదు. ఇది చరిత్ర అనుకోలేదు" అంది.

మార్గరెట్ కళ్ళద్దాలు తీసి, "నా కొడుకుని కూడా తీసుకెళ్ళాను" అంది.

ఆ తర్వాత జరిగినదంతా పని మాటలే. వెనక సందులోంచి కార్లు రావచ్చా, ర్యాంపు వంటింటి వైపు పెడితే వాలు సరిపోతుందా అని సలహాదారు ప్లాను మీద పెన్సిల్‌తో గీశాడు. చెక్కలు మార్చడానికి కౌన్సిల్ చిన్న గ్రాంటు ఇస్తుందని, సగం యజమాని పెట్టుకోవాలని చెప్పారు. వరండా ఉంచాలి, ర్యాంపు, పార్కింగ్ వెనక్కి మార్చాలి అన్న సిఫార్సుకి చేతులెత్తారు. రెండో కౌన్సిలర్ ఒక్కడే ఎత్తలేదు. వెనకవైపు పని వల్ల క్లినిక్ తెరవడం నెలల తరబడి ఆలస్యమవుతుందని, కుర్రవాళ్ళు ఇలాగే ఊరు వదిలిపోతారని అన్నాడు. ఆయన అన్నదీ మినిట్స్‌లో రాసుకున్నారు.

ఆంటీ బయట టౌన్‌హాల్ నడవలో బెంచీ మీద, బ్యాగు ఒళ్ళో పెట్టుకుని ఉన్నారు. స్వాతి నాకంటే ముందు వెళ్ళింది.

"మమ్, వై డిడ్న్ట్ యూ టెల్ మీ?"

"అమ్మగా చెబితే నువ్వు కాదనలేవు. అక్కడ కూర్చుని చెబితే వాళ్ళు కాదనలేరు. అందుకని ఎక్కడా చెప్పలేదు" అన్నారు ఆంటీ.

"ప్లానంతా మళ్ళీ గీయించాలి" అని స్వాతి కోపంగానే అంది. కారు తాళాలు తీసుకుని, చెప్పకుండా వెళ్ళిపోయింది. ఆంటీ లోపలికి వెళ్ళి, మిగిలిన అంశాలకి తన కుర్చీలో కూర్చున్నారు. ఆ రాత్రి ఆంటీ ఇంట్లోనే పడుకున్నాను.

మర్నాడు పొద్దున ఏడింటికి స్వాతే ఫోన్ చేసి ఆ ఇంటికి రమ్మంది. వెళ్ళేసరికి పడమటి వరండా మీద చెప్పులు విప్పి నిలబడి ఉంది. చివికిన చెక్కలకి సుద్దముక్కతో గుర్తులు పెట్టింది. "మమ్, షో మీ. ఎవరు ఎక్కడ?" అంది, తెలుగూ ఇంగ్లీషూ కలిపి. ఆంటీ ఒక్కో అడుగే చూసి వేస్తూ నడిచారు. ఇక్కడ రావుగారి కవలలు, ఇక్కడ నువ్వు, గోడవైపు అయితేనే నీకు నిద్రపట్టేది. ఇక్కడ పద్మ వాళ్ళ బాబు. చివర మెట్ల దగ్గర ఆగి, "ఇక్కడ మీ నాన్న. పిల్లలు దొర్లి పడకుండా అడ్డంగా పడుకునేవారు" అన్నారు. స్వాతి ఆ చివర కూర్చుంది. ఆంటీ పక్కనే కూర్చున్నారు. నేను కారు దగ్గరికి వచ్చేశాను.

కిందటి వారం కౌన్సిల్ ఆ సిఫార్సుని ఒప్పుకుందని ఆంటీ మెసేజ్ పెట్టారు. ఆ ఊళ్ళో నేనున్న రెండేళ్ళకి గుర్తుగా నా పేరు మీద ఏమీ లేదు. కంపెనీ మూతపడింది, నేనద్దెకున్న ఫ్లాటు స్థానంలో పెట్రోలు బంకు ఉంది. వలస వచ్చినవాళ్ళం కదా, ఊళ్ళ చరిత్ర అంటే మనకంటే ముందున్నవాళ్ళదని అనుకుంటూ ఉంటాం. ఎవరో ఒక వడ్రంగి ఫోటో తీసి ఇదేమిటని అడిగేదాకా, మనం కూడా ఎక్కడో నాలుగు మేకులు కొట్టామని గుర్తురాదు. మీరు అలాంటి చిన్న ఊరికి వెళ్తుంటే ఒక్క మాట: ఆ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో హెరిటేజ్ కమిటీ మీటింగ్ తేదీ చూసుకుని ప్రయాణం పెట్టుకోండి. జనానికి తెరిచి ఉందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. ఆ ఊళ్ళో ఎప్పుడైనా కాపురం ఉన్నవాళ్ళయితే, మాట్లాడేవాళ్ళ జాబితాలో పేరు కూడా ఇచ్చి వెళ్ళండి.