దాలమ్మ చెయ్యి కింద పట్టీ

2004లో నేను విశాఖపట్నంలో వైద్య పరికరాలు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో ఇంజనీరుగా ఉండేదాన్ని. మాది టెక్కలి కాబట్టి కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు ఏ పని పడినా నన్నే రైలెక్కించేవారు.

అప్పట్లో మేం తయారుచేస్తున్నది లిక్విడ్ క్రిస్టల్ పట్టీ. కాలిక్యులేటర్‌లో అంకెలు చూపించే పదార్థానికి ఇది దాయాది. వేడిని బట్టి రంగు మారుతుంది. డయాలసిస్ రోగులకు, రక్తం తీసి శుభ్రం చేసి ఎక్కించడానికి వీలుగా, చేతిలో ధమనినీ సిరనీ కలిపి కుడతారు, దాన్ని ఫిస్టులా అంటారు. రక్తం జోరుగా పారుతున్నంతకాలం అక్కడ చర్మం వెచ్చగా ఉంటుంది, పైన అంటించిన పట్టీ ఆకుపచ్చగా కనబడుతుంది. రక్తం గడ్డకట్టి ఆగిపోతే చల్లబడి నల్లగా మారుతుంది. ఈ ఉపాయానికి పేటెంట్ కోసం, అంటే మా అనుమతి లేకుండా ఇంకొకరు చేసి అమ్మకూడదనే హక్కు కోసం, దరఖాస్తు కూడా పెట్టాం.

మామూలుగా ఫిస్టులా మీద వేళ్లు పెడితే లోపల జుమ్మని అదురుతుంది. రోగి రోజూ అలా చూసుకోవాలి. సుమ్మాదేవి స్టేషన్ దగ్గర పల్లెలో ఉండే కూర్మారావుకి ఆ వీలు లేదు. అతనూ, భార్య దాలమ్మా పలాసలో ఏళ్ల తరబడి జీడిపిక్కలు కొట్టినవాళ్లు. తొక్కలోని నూనె తగిలి తగిలి ఇద్దరి వేళ్లూ నల్లబడి మొద్దుబారిపోయాయి. చెవి ఆనించి వినమని అతనికి డయాలసిస్ చేసే డాక్టరుగారు చెప్పినా, కళ్లతో చూస్తేగానీ దాలమ్మకు నమ్మకం కుదరదు. అందుకే ఆయన మమ్మల్ని పిలిచి, వీళ్లకి మీ పట్టీ ఇచ్చి చూడండి అన్నారు.

ఆ పట్టీ దాలమ్మకి దేవుడి పటమైపోయింది. పొయ్యి మీద కూర వదిలేసి మరీ వచ్చి చూసేది.

“మా ఆడది నా మొకం సూడ్డం మానేసింది మేడమ్. ఈ సెయ్యే సూత్తంది,” అని కూర్మారావు నవ్వేవాడు.

ఒకసారి పట్టీ నల్లబడగానే ఆమె అతన్ని ఉన్నపళంగా విశాఖ రైలెక్కించింది. గడ్డ తీసేశారు, ఫిస్టులా దక్కింది. మా ఆఫీసులో స్వీట్లు పంచుకున్నాం. అందరికంటే ఎక్కువ పొంగిపోయింది నేనే.

ఆ చలికాలం, కొత్త పట్టీలు ఇద్దామని పొద్దున్నే సుమ్మాదేవిలో దిగి వాళ్లింటికి వెళ్లాను. వాకిట్లో జనం. తెల్లవారుజామున కూర్మారావు గుండె ఆగిపోయిందట. స్నానం చేయించడానికి అతని అన్నదమ్ములు నిలబడి ఉన్నారు గానీ, దాలమ్మ అతని చెయ్యి వదలడం లేదు. నన్ను చూడగానే ఆమెకు ప్రాణం లేచొచ్చింది. దగ్గరికి పిలిచి, అరచెయ్యి కొంచెం పక్కకి జరిపి పట్టీ చూపించింది.

“పచ్చగానే ఉంది సూడమ్మా. రగతం పారతంది. ఈళ్లేమో పోయాడంతన్నారు. నువ్వు సెప్పు.”

అందరూ నా వైపు తిరిగారు. ఆ పచ్చరంగు ఆమె అరచేతి వేడిదని నాకు చూడగానే తెలిసిపోయింది. అతను పోయినప్పటి నుంచీ ఆ చెయ్యి అక్కడే ఉంది మరి.

“అది నీ సేతి యేడక్కా. ఓపాలి సెయ్యి తియ్యి,” అన్నాను.

తీసింది. ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. ఆకుపచ్చ కాస్తా గోధుమరంగైంది, తర్వాత నల్లబడింది.

“సల్లబడిపోనాడు మావ,” అంది మెల్లగా. లేచి అన్నదమ్ములకు దారి ఇచ్చింది. గోడవారకి వెళ్లాక గానీ ఏడవలేదు.

తర్వాత పట్టీతో పాటు ఇచ్చే కాగితంలో ఒక వాక్యం చేర్పించాను, చూసే ముందు కాసేపు దానిమీద చెయ్యి పెట్టకూడదని. కింద చర్మం నుంచి వచ్చే వేడినే మేం లెక్కేసుకున్నాం. పైనుంచి ఒక చెయ్యి వచ్చి వాలుతుందని మాలో ఒక్కరికీ తట్టలేదు. రోగి పక్కన కూర్చునేవాళ్లను కూడా తలుచుకుని పరికరం చెయ్యాలని ఆ ఇంట్లోనే నేర్చుకున్నాను.

నిజం ఎప్పుడో ఒకప్పుడు చెప్పాల్సిందే, చెప్పాను. కానీ ఆమె చేతి కింద అతను ఇంకో పది నిమిషాలు వెచ్చగా ఉంటే ఎవరి సొమ్ము పోయేదని ఇప్పటికీ నాకు ఏడుపొస్తుంది.