పిన్ని మేపుల్ మొక్క

మా మైపాడు పిన్ని ఇప్పుడు లేదు. ఏ మొక్క వాడినా ఆకును నాలుకకు తాకించి చూడటం ఆమె అలవాటు. బాబాయి చనిపోయే ముందు ఊటీ నుంచి ఎర్రాకుల మేపుల్ మొక్క తెచ్చాడు. దాని ఆకుల అంచులు మాడిపోతుంటే అలాగే నాలుకకు తాకించి చూసింది.

"ఉప్పురా! సముద్రం గాలికి కాలిపోతా ఉండాది."

రోజూ మంచినీళ్లతో ఆకులు కడిగింది, గాలికి అడ్డంగా తడి చీర కట్టింది. అయినా కొమ్మలు ఎండిపోసాగాయి. చివరికి నన్ను తోడు తీసుకుని, కుండీని ఒళ్లో పెట్టుకుని ఊటీ వెళ్లి, బాబాయి దాన్ని కొన్న మొక్కల తోటలోనే ఇచ్చేసింది.

"బాబాయి గుర్తు కదా పిన్నీ?"

"నా కాడుంటే చచ్చిపోతాదిరా. ఈడన్నా బతకనీ."

తిరిగి వస్తున్నప్పుడు, నెల్లూరు దాకా, ఆమె రెండు చేతులూ ఒళ్లో కుండీని పట్టుకున్నట్టే ఉన్నాయి.