బాపు ఒప్పుకున్న ఇంగ్లిష్ మాట

నిన్న మా అమ్మాయి ఫోన్‌లో, ఇచ్చిన అక్షరాలతో ఇంగ్లిష్ మాటలు కట్టే ఆట ఆడుతోంది. లేని మాట పెడితే తెర ఎర్రబడుతోంది. తెర మీది ఐదు అక్షరాలు చూడగానే నాకు మాత్రం ఎక్కడి నుంచో చక్కెర ఫ్యాక్టరీ మొలాసిస్ వాసన వచ్చింది.

బోధన్ దోస్తులారా, అన్నం తినేటప్పుడు కింద పరిచే చక్కెర గోనెసంచి గుర్తుందా? తొడలకు గుచ్చుకునేది. దాని మీద నీలం రంగులో ‘షుగర్’ అని అవే ఐదు ఇంగ్లిష్ అక్షరాలు. మా ఇంట్లో వాటితో ఒక మాట చెబితేనే కంచం ముందుకొచ్చేది. అక్క ‘రగ్’ అంటే నేను ‘గ్యాస్’ అనేవాణ్ని. షుగర్ కాకుండా, ఐదూ వాడి ఇంకో మాట చెబితే మీగడ.

ఫ్యాక్టరీలో సంచుల మూతులు కుట్టే మా బాపుకు ఇంగ్లిష్ రాదు. అయినా జడ్జి ఆయనే.

“దాని మతలబేంది బిడ్డా?” అనేవాడు. చెబితే పాసయినట్టే.

మీగడ మీద ఆశతో ఒకరోజు నేనే ఒక మాట పుట్టించాను.

“గురాస్! అంటే చెరుకు పువ్వు బాపూ.”

అక్క గుర్రుగా చూసింది. బాపు మురిసిపోయి మీగడంతా నాకే వేశాడు.

మర్నాడు డ్యూటీ నుంచి వచ్చి, సైకిల్ దిగుతూనే నన్ను పిలిచాడు.

“మా ఆఫీసర్ సారును గురాస్ అంటే ఏందని అడిగిన. తెల్వదన్నడు. గంత సదివిండు గని, నీకొచ్చినంత ఇంగ్లిష్ రాదు బిడ్డా, పాపం!”

ఆ పూట నాకు వేసిన మీగడ అక్క కంచంలోకి జరిపాను. నిజం మాత్రం బాపుకు ఎన్నడూ చెప్పలేదు.

నిన్న ఫోన్ తీసుకుని ‘గురాస్’ కొట్టాను. తెర ఎర్రబడింది.

“ఆ మాటే లేదు డాడీ,” అంది మా అమ్మాయి.

“మా బాపు ఉన్నన్ని రోజులు ఉండె బిడ్డా,” అన్నాను.