నాగకన్యను మా అవ్వ అడిగిన రెండో ప్రశ్న

నా చిన్నప్పుడు పెద్ద నగరమంటే ఆదోనే. హైదరాబాదు, బెంగళూరు ఉన్నాయని బళ్లో పటం మీద చూపించేవారు గానీ, పటంలోని ఊళ్లకు చప్పుడూ వాసనా ఉండవు. ఆదోనికి రెండూ ఉండేవి. ఎమ్మిగనూరులో మేమెక్కిన బస్సు ఆదోనిలోకి మళ్లగానే పత్తి మిల్లుల రొద వినపడేది, పత్తిగింజల జిడ్డు వాసన తగిలేది. కిటికీలోంచి దూదిపీచు ఎగిరొచ్చి జుట్టుకు అంటుకునేది. ఆ పీచు తలమీద పడిందంటే నాకు వేసవి సెలవులు మొదలైనట్టు.

మాది ఎమ్మిగనూరు దగ్గరి మగ్గాల పల్లె. ప్రతి ఎండాకాలం మా అవ్వ, అంటే మా నాయన తల్లి, నన్ను వెంటబెట్టుకొని ఆదోనిలో ఉన్న కూతురింటికి వచ్చేది. ఆ కూతురే మా మేనత్త. పదిహేను రోజులు ఆ ఇంట్లో నేను చేసిన రాజ్యం ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు. నా మనవరాలు ఫోనులో చూసి నగరంలో వేసవి వినోదాలన్నీ చదివి వినిపిస్తూ ఉంటుంది. మంచు గది అట, నీళ్లలో జారుడు బండలట, బొమ్మలు గీయడం నేర్పే శిబిరమట. మాకు శిబిరాలు లేవు, ఊరే శిబిరం. పొద్దున్నే ఆ వీధి పిల్లలమంతా రైలు స్టేషను వంతెన ఎక్కి గూడ్సు బండికి ఎన్ని పెట్టెలో లెక్కపెట్టేవాళ్లం. లెక్క తప్పితే మళ్లీ ఇంకో బండి వచ్చేదాకా కదిలేవాళ్లం కాదు. దిగి వచ్చాక తడిపిన మరమరాలకు తాలింపు పెట్టిన ఉగ్గాని, దానిలోకి నాలుక కాలిపోయే మిరపకాయ బజ్జి. మధ్యాహ్నం తడిపిన గోనెపట్ట కిటికీకి కట్టి, దాని కింద పడుకొని పుచ్చకాయ గింజలు ఎవరు దూరం ఉమ్ముతారో పందెం. ఎండ తగ్గాక ఎగ్జిబిషన్.

వేసవిలో ఊరి బయట మైదానంలో ఆ ఎగ్జిబిషన్ వెలిసేది. రంగులరాట్నం, పీచు మిఠాయి, గోలీసోడా, చెక్కల బావి గోడల మీద మోటారు సైకిలు నడిపే మనిషి. ఆ బావి పైన కమ్మీ పట్టుకొని తొంగి చూస్తుంటే పొగ కళ్లలోకి కొట్టేది, పట్టుకున్న కమ్మీ వణికేది, మేం అరిచేవాళ్లం. అంత ఆనందం నాకు ఆ తర్వాత ఏ నగరమూ ఇవ్వలేదు.

నేను ఐదో తరగతి పూర్తి చేసిన వేసవిలో మాత్రం ఆ ఆనందంలో ఒక ముల్లు ఉంది. మా పల్లె బడి ఐదుతోనే ఆగిపోయేది. పైచదువుకు రోజూ బస్సెక్కి ఎమ్మిగనూరు పోవాలి. మా వీధిలో ఏ ఆడపిల్లా అంతవరకు బడికోసం బస్సెక్కలేదు. నాయనకు పంపాలనే ఉంది, కానీ తల్లి మాట కాదనే ధైర్యం లేదు. "మీ అవ్వ ఊ అంటే పంపుతా" అన్నాడు. అవ్వ ఊ అనలేదు, ఊహూ అనీ అనలేదు. ఆదోని పోయొచ్చి చెబుతానంది. అందుకే ఆ పదిహేను రోజులూ నేను అవ్వ ముఖం చూస్తూ తిరిగాను. ఆమె నవ్వితే నా బడి దగ్గరికి వచ్చినట్టు, విసుక్కుంటే దూరం పోయినట్టు.

ఆ ఏడు మా చిన్నాయన కూడా మాతో వచ్చాడు. నాయనకు తమ్ముడు, పెళ్లికాని కుర్రవాడు. దేవుడున్నాడా లేడా అని ఎక్కడ చర్చ జరిగినా ముందు వరసలో కూర్చునేవాడు. చంకలో ఎప్పుడూ ఏదో ఒక కరపత్రం ఉండేది. నా చదువు విషయంలో నాకున్న పెద్ద అండ ఆయనే అనుకున్నాను.

ఎగ్జిబిషన్‌కు పోయిన మొదటి సాయంత్రమే అంతా తలకిందులైంది. ఒక డేరా ముందు పడగ విప్పిన పాముకు ఆడపిల్ల ముఖం గీసిన బొమ్మ పెట్టారు. లోపలికి పోతే మసక వెలుతురు. తాడు కట్టిన అవతల ఒక చిన్న గదిలాంటి చోటు, మూడు పక్కలా గళ్ల దుప్పట్లే పరదాలు. మధ్యలో నాలుగు కాళ్ల బల్ల. బల్ల మీద చుట్టలు చుట్టుకున్న పాము ఒళ్లు, దాని పైన నిజమైన ఆడపిల్ల తల. కళ్లార్పుతోంది, నవ్వుతోంది. బల్ల కింద చూస్తే ఏమీ లేదు, వెనకున్న పరదా కనపడుతోంది.

డేరా ఆయన కంచు గొంతుతో కథ చెప్పాడు. ఈ పిల్ల తల్లి మాట వినకుండా ఒంటరిగా గడప దాటిందట, తల్లి శపించిందట, పొలిమేర చేరేసరికి పాముగా మారిపోయిందట. ఇప్పుడు జరగబోయేది చెబుతుందట. శాపాలు ఎప్పుడూ గడప దాటిన ఆడపిల్లకే ఎందుకు తగులుతాయో, ఊళ్లేలే పెద్దలకు, తాగొచ్చిన మొగుళ్లకు ఎందుకు తగలవో నేను తర్వాత ఎన్నో సభల్లో అడిగాను. ఆ రోజు మాత్రం అవ్వ కొంగు పట్టుకొని నిలబడ్డాను.

అవ్వ ముందుకు జరిగి దండం పెట్టింది. "తల్లీ, నా మనవరాల్ని బస్సెక్కిచ్చి సదువుకు పంపల్లంటాండారు. పంపొచ్చునా? నువ్వే సెప్పు" అంది.

పాముపిల్ల ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "గడప దాటనియ్యొద్దు. దాటితే నా గతే" అంది.

ఆ సాయంత్రం నేను రంగులరాట్నం ఎక్కనన్నాను. పీచు మిఠాయి చేతిలోనే కరిగిపోయింది.

ఇంటికి వచ్చాక చిన్నాయన అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. "అంతా మోసం మా! మనిషికి పాము ఒళ్లు యాడన్నా వస్తాదా? సైన్సు ఒప్పుకోదు" అని అరిచాడు.

అవ్వ నింపాదిగా వక్క కొరుకుతూ అడిగింది. "మోసమైతే ఎట్ల చేసినారో సెప్పు. బల్ల కింద ఏమీ లేదు, నా కండ్లారా సూసినా. ఆ పాప కాళ్లు యాడ పెట్టుకున్యాది?"

"అదీ... ఏదో ఉంటాదిలే మా."

"ఏదో అంటే? అన్ని పుస్తకాలు సదివినోనివి, నీకే తెలీకపోతే ఈ పిల్లకు సదువు సెప్పిచ్చి ఏం లాభమప్పా?"

చిన్నాయన ఎంత అరిస్తే అవ్వ అంత గట్టిపడింది. నా తరఫున వాదించిన మనిషే నా బడి తలుపు మూసేశాడని నాకు ఆ వయసులోనే అర్థమైంది. గోనెపట్ట కింద పడుకొని ఏడ్చాను.

మేనత్త మాత్రం ఆ గొడవలో ఒక్క మాట మాట్లాడలేదు. మరునాడు పొద్దున ఉగ్గానికి బొరుగులు తడుపుతూ, ఏదో ఊసుపోకకు అన్నట్టు అవ్వతో అంది. "మా, ఆ డేరాలో పరదాలు సూసినావా? మన పల్లె మగ్గాల మీద నేసిన దుప్పట్లేనంట. నాకు నమ్మకం లేదు గానీ, నేను మగ్గం ఇడిసి పదేండ్లాయ. నువ్వైతే సూస్తానే సెప్తావు."

అవ్వ చెయ్యి ఆగిపోయింది. ఈ మాట ఎంత పెద్దదో తెలియాలంటే మా పల్లె పద్ధతి తెలియాలి. మగ్గం నుంచి కోసిన ఏ గుడ్డయినా మడత పెట్టేముందు వాకిట్లో వెలుతురుకు అడ్డంగా ఇద్దరు పట్టుకొని నిలబడాలి. మా అవ్వ దాని ముందు నడుస్తూ చూడాలి. పోగు తెగినా, రంగు పోగు తప్పి పడినా ఆమె వేలు నేరుగా అక్కడికే పోయేది. నేసినవాడు సొంత కొడుకైనా ముఖం మీదే చెప్పేది. తన పల్లె పేరు చెప్పి ఎవరో పరదాలు వేలాడదీశారంటే, చూడకుండా ఉండడం ఆమెవల్ల కాదు. సాయంత్రం మాకంటే ముందు తలదువ్వుకొని వాకిట్లో నిలబడింది.

రెండోసారి డేరాలోకి పోయినప్పుడు అవ్వ నాగకన్య వైపు చూడనే లేదు. తాడు చివరికి పోయి, పక్కనున్న పరదా దగ్గర తల వంచి నిలబడింది. కొంతసేపటికి పెదవి విరిచి, "మన పల్లెది కాదు. ఇదో, నల్లపోగు పడల్సిన తావులో ఎర్రపోగు పడింది, జానెడు దూరం. మనోళ్లు ఇట్ల ఇడుస్తారా?" అంది. గెలిచినట్టు మేనత్త వైపు చూసింది.

మేనత్త అమాయకంగా అడిగింది. "మరి ఆ వెనక పరదా మా? బల్ల కింద కనపడతాంది సూడు, అది?"

అవ్వ కళ్లు చిన్నవి చేసుకొని చూసింది. చూసి, మళ్లీ పక్క పరదా చూసింది. మళ్లీ బల్ల కిందకు. ఆమె నొసలు ముడిపడింది.

"ఇదేందే! ఈడుండే తప్పే ఆడా ఉంది. జానెడు దూరమే. ఎర్రపోగే. తప్పనేది మనిషి సెయ్యి జారితే వస్తాది. రెండు తూర్లు ఒక్క తీరుగా ఎట్ల జారతాది?"

అవ్వ చెయ్యి చాచి పక్క పరదాను పట్టుకొని ఒక్క గుంజు గుంజింది. బల్ల కింద, అంత దూరంలో ఉందనుకున్న వెనక పరదా కూడా గుంజినట్టు ఊగింది. ఇంకోసారి గుంజింది. అది ఇంకోసారి ఊగింది. అవ్వ ముఖంలో మెల్లగా నవ్వు మొదలైంది. బల్ల కాళ్ల మధ్య అద్దాలు నిలబెట్టి, పక్క పరదాను వెనక పరదాగా చూపిస్తున్నారని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆమె కళ్లే చెప్పాయి. అద్దం ఉందంటే దాని వెనక మనిషి ఉందని కూడా.

చిన్నాయన "సూసినారా, మోసం!" అని అరవబోయాడు. మేనత్త ఆయన చెయ్యి గిల్లింది. ఎందుకంటే అప్పటికి అవ్వ తాడు మీదికి వంగి, నాగకన్యను తన రెండో ప్రశ్న అడుగుతోంది.

"పాపా, ఎంతసేపటి నుంచి ఆడ ముడుసుకోని కూసున్యావు? కాళ్లు తిమ్మిరెక్కలేదా?"

పాముపిల్ల డేరా ఆయన వైపు బెదురుగా చూసింది. జరగబోయేవన్నీ చెప్పే ఆ పిల్లకు ఈ ప్రశ్నకు జవాబు ఎవరూ నేర్పలేదు. రోజంతా అలా కూర్చున్నదాన్ని ఆ మాట ఎవరూ అడిగి ఉండరు కూడా. చివరికి "ఎక్కినాయవ్వా" అంది.

డేరా మొత్తం గొల్లున నవ్వింది. డేరా ఆయన పరుగెత్తుకొచ్చి, "పెద్దమ్మా, నా పొట్ట కొట్టొద్దు తల్లీ" అని చేతులు జోడించాడు.

"నీ పొట్ట నేనేం కొట్టనప్పా. ముందు ఆ పాపను కాళ్లు సాపుకోనీ" అంది అవ్వ.

అద్దం వెనక నుంచి కుంటుకుంటూ ఒక పిల్ల వచ్చింది. ఆకుపచ్చ పావడా, నాకంటే రెండేళ్లు పెద్దది కావచ్చు. డేరా ఆయన కూతురే. తాడు పట్టుకొని ఒక్కో కాలూ విదిలించుకుంటుంటే నేను ఆమె పాదాలనే చూస్తూ నిలబడ్డాను. అంతకుముందు రోజు రాత్రంతా నన్ను భయపెట్టింది ఈ పాదాలు లేకపోవడమే.

అవ్వ ఆమెను దగ్గరికి పిలిచి ఏ ఏ ఊర్లు తిరిగావని అడిగింది. బళ్లారి, గుంతకల్లు, రాయచూరు, అనంతపురం అని పిల్ల వేళ్లు మడుస్తూ చెప్పింది.

"ఇన్ని ఊర్లు తిరిగినదానివి, నా మనవరాలు ఎమ్మిగనూరు పోవద్దంటివే!"

"ఆడపిల్లల సంగతి అడిగితే అదే సెప్పమన్యాడు మా నాయన" అంది ఆ పిల్ల, తల వంచుకొని. ఆ పైన నా వైపు చూసి నవ్వి, "నువ్వు పో. బస్సులో కిటికీ పక్కన కూసో, బాగుంటాది" అంది.

అవ్వ డేరా ఆయనకు కూడా ఒక మాట చెప్పి వచ్చింది. శాపం కథ మానేసి ఇది తమాషా అని చెబితే జనం రారా ఏమిటని. ఆయన తలూపాడు గానీ, మానేశాడో లేదో నాకు తెలియదు. మానేసి ఉండడనే అనుకుంటాను. ఆ సాయంత్రం అవ్వ జీవితంలో మొదటిసారి రంగులరాట్నం ఎక్కింది. పైకి పోయినప్పుడల్లా మిల్లుల పొగగొట్టాలు చూపిస్తూ చిన్నపిల్లలా అరిచింది. కిందికి దిగాక కొంగు సర్దుకుంటూ నాకు చెప్పింది, మీ నాయనతో మాట్లాడతానని. జూన్‌లో బడులు తెరిచిన రోజు నన్ను బస్సెక్కించింది ఆమే. కండక్టరుకు నన్ను చూపించి, "ఇది నా మనవరాలు, సదువుకు పోతాంది" అని బస్సంతా వినేట్టు చెప్పింది.

తర్వాత నేను చిన్నాయన దారే పట్టాను. వేదికలెక్కాను, బాబాల మీద, తాయెత్తుల మీద, జాతకాల మీద నిప్పులు చెరిగాను. మొదట్లో నా గొంతు ఆయన గొంతులాగే ఉండేది. చప్పట్లు కొట్టినవాళ్లు అప్పటికే నాతో ఒప్పుకున్నవాళ్లు. ఒప్పుకోనివాళ్లు లేచి ఇంటికి పోయేవాళ్లు, మా అవ్వలాగే ఇంకాస్త గట్టిపడి. చాలా ఏళ్లకు గానీ మేనత్త చేసిన పని నా బుర్రకెక్కలేదు. ఆమె అవ్వ నమ్మకాన్ని తాకనే లేదు. అవ్వకు బాగా తెలిసిన గుడ్డను ఆమె ముందు పెట్టి, చూసి చెప్పమంది, అంతే. మన జనానికి తెలివి లేదని విసుక్కునే మేధావులను నేను సహించలేను. తెలివి ఉంది, వాళ్ల చేతుల్లో ఉంది. అక్కడి నుంచి మొదలుపెట్టడానికి మనకే ఓపిక లేదు.

ఈమధ్య ఒక కాలనీలో గోడ మీద ఏదో రూపం వెలిసి కన్నీరు కారుస్తోందని జనం మూగారు. వాదించమని నన్ను పిలిచారు. నేను వాదించలేదు. ఆ గుంపులో దండం పెట్టుకొని నిలబడ్డ ఒక తాపీమేస్త్రీని పట్టుకొని, గోడకు చెమ్మ ఎక్కడి నుంచి దిగుతుందన్నా, నాకు కొంచెం చెప్పు, అన్నాను. ఆయన మొదట నా వైపు చూశాడు, తర్వాత గోడ వైపు, తర్వాత పైకి. పంచె ఎగ్గట్టి మేడమెట్లు ఎక్కాడు. నీళ్ల ట్యాంకు దగ్గర వంగి చూస్తూ ఆయన నవ్వడం కింద నిలబడ్డ మా అందరికీ వినిపించింది.