రాళ్ల దిబ్బ మీద ఇంగ్లీషు పరీక్ష

కరోనా ఏడాది యూనివర్సిటీ మూసేసి, ఇంగ్లీషు ఫోన్లో చెప్తామన్నారు. చెప్పిందేమీ లేదు. సారు తెర మీద పాఠం పెట్టి, మాకు చదవడం రానట్టు, తనే అక్షరం పొల్లుపోకుండా చదివేవాడు. నగరంలో ఫ్యాను కింద కూర్చున్న ఆ పెద్దమనిషికి తెలుగంటే ఎంత రోతో. తెలుగు మాట వినబడితే ఊరుకోనని మొదటిరోజే హెచ్చరించాడు. పోనీ ఆయన ఇంగ్లీషేమైనా గొప్పదా అంటే, మా బస్టాండు మైకులో అంతకంటే బాగా అర్థమయ్యేది.

మార్కాపురం దగ్గర మా ఊళ్లో సిగ్నలు దొరికేది పలకల గని పక్కన పోసిన రాళ్ల దిబ్బ మీదే. మాట్లాడే పరీక్ష రోజు ఎండలో అక్కడే కూర్చున్నాను. అది తప్పితే మళ్లీ ఏడాది దాకా ఆగాలి. నాయన పోయిన ఇంట్లో నన్ను అంతకాలం చదివించే దిక్కు లేదు.

నాకు ముందు పిలిచిన వాళ్లంతా సీనియర్లు వాట్సాప్‌లో పంపిన ఒకే పరిచయాన్ని అప్పజెప్పారు. అందరి తండ్రులూ రైతులే, ఆడపిల్లలతో సహా అందరి హాబీ క్రికెట్టే. సారుకు అనుమానమే రాలేదు. నేను ఆ దిక్కుమాలిన పరిచయాన్ని ముట్టుకోలేదు. మా నాయన పలకల గనిలో పనిచేశాడనీ, ఆ దుమ్ముకు ఊపిరితిత్తులు చెడి కిందటి వేసవిలో చనిపోయాడనీ కూడబలుక్కుని సొంత ఇంగ్లీషులో చెప్పాను. సారు ఏదో ఒక మాట పడేసి, కానివ్వమన్నాడు.

అప్పుడే మేకలు తోలుకుంటూ మా వీధి అవ్వ వచ్చింది.

"ఏం పాపా, బువ్వ తిన్నావా?"

చావు జరిగిన ఇంటి పిల్లను ఆ మాట అడక్కుండా మా దగ్గర పెద్దలెవరూ దాటిపోరు. అడిగాక పలక్కపోతే ఆ మనిషిని అవమానించినట్టే.

"తిన్నాలే అవ్వా," అన్నాను.

అంతసేపూ కునుకుతున్న సారు చెవులు అప్పుడు లేచాయి. ఇంగ్లీషు పరీక్షలో తెలుగేంటని సారు అరిచి, ఫెయిలని చెప్పి, ఇంకొకరిని పిలిచాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఏడుపూ వచ్చింది.

అవ్వ కదల్లేదు. "ఎవురు పాపా, అట్ల అరిసినాడు?"

"ఇంగ్లీషు సారవ్వా. పరీక్ష పోయింది."

"మీ నాయన పోయినాడని చెప్పకపోయినావా. రోంత కనికరిస్తాడు గదా."

"చెప్పినానవ్వా."

"ఏమన్నాడు?"

"వెరీ గుడ్ అన్నాడు."

"అంటే ఏంది?"

"శానా బాగుందని."

అవ్వ నా చేతిలోని ఫోను వైపు చూసి, తుపుక్కున ఊసి, మేకలను అదిలించుకుంటూ పోయింది.